బర్కిలీ పేరు కార్నెల్ పేరుకి సాటి వస్తుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శాన్ రమోన్‌లో ఉంటున్నారు, కాలిఫోర్నియా రెసిడెంట్లు. అమ్మాయికి బర్కిలీలో ఎకనామిక్స్, కార్నెల్‌లో కూడా ఎకనామిక్స్ వచ్చాయి. ఫైనాన్షియల్ ఎయిడ్ రెండు చోట్లా సున్నా. హాస్టలు, భోజనం అన్నీ కలిపితే బర్కిలీకి ఏడాదికి సుమారు 50 వేల డాలర్లు, కార్నెల్‌కి సుమారు 95 వేలు. మే 1 లోపు తేల్చాలి. ఇంతలో హైదరాబాద్ నుంచి మీ బావగారు ఫోన్ చేసి "ఐవీ లీగ్ సీటు వదులుకుని గవర్నమెంటు కాలేజీలో వేస్తారా?" అన్నారట. అప్పటిదాకా లేని టెన్షన్ అక్కడ మొదలైంది. స్టేట్ యూనివర్సిటీ పేరు నిజంగా పెద్ద ప్రైవేటు కాలేజీల పేరుకి సాటి వస్తుందా అని అడిగారు.

ఎవరి దగ్గర పేరు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రొఫెసర్లను అడిగితే ఎకనామిక్స్‌లో బర్కిలీయే ముందు అంటారు. మీ బావగారిని అడిగితే కార్నెల్. ఉద్యోగాలిచ్చేవాళ్లు ఏ ఉద్యోగం అని ఎదురడుగుతారు. ఈ ముగ్గురిలో ఎవరి మాట మీ అమ్మాయికి పనికొస్తుందో చూడాలి. నన్నడిగితే ఈ మూడింటికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది, అక్కడికి తర్వాత వస్తాను.

నా సంగతి రెండు మాటల్లో. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి 1995లో ఎం.ఎస్. కోసం మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీకి వచ్చాను. తర్వాత బే ఏరియాలో చిప్ డిజైన్. పద్దెనిమిదేళ్లుగా మా కంపెనీలో కొత్తవాళ్లను తీసుకునే ఇంటర్వ్యూ ప్యానెల్లో ఉన్నాను. మా పెద్దాడు వేరే రాష్ట్రంలో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో చదివాడు, చిన్నమ్మాయి ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో చదివింది. రెండు రకాల బిల్లులూ కట్టినదాన్ని.

మీ బావగారి మాటతో మొదలుపెడదాం, ఎందుకంటే మనవాళ్ల ఇళ్లలో గందరగోళమంతా "గవర్నమెంటు కాలేజీ" అన్న మాట దగ్గరే ఉంది. మా రోజుల్లో ఎంసెట్‌లో మంచి ర్యాంకు వస్తే ఉస్మానియా, ఆంధ్రా, జేఎన్‌టీయూ కాలేజీల్లో సీటు. రాకపోతే నాన్న పొలం అమ్మి డొనేషన్ కట్టి ప్రైవేటు కాలేజీ. ప్రైవేటు అంటే ర్యాంకు రాలేదని ఊరందరికీ తెలిసిపోవడం. తర్వాత ఇరవై ఏళ్లలో ఆ లెక్క తిరగబడింది. యూనివర్సిటీల్లో ఖాళీ అయిన ప్రొఫెసర్ పోస్టులు ఏళ్లతరబడి నిండలేదు, హాస్టల్ గోడలకు పెచ్చులూడాయి, డబ్బున్నవాళ్లు పిల్లల్ని ఏసీ క్యాంపస్‌లకి పంపారు. దాంతో ఒకే ఇంట్లో తాతగారికి గవర్నమెంటు సీటు అంటే గౌరవం, మనవడికి అదే మాట అంటే జాలి. ఈ రెండు అర్థాల్లో ఒక్కటీ అమెరికాకి అతకదు.

ఇక్కడ ప్రైవేటే పాతది. హార్వర్డ్ 1636 నాటిది. స్టేట్ యూనివర్సిటీల్లో చాలావాటికి ప్రాణం పోసింది 1862లో లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం: కేంద్రం రాష్ట్రాలకు భూమి ఇస్తుంది, దాన్ని అమ్ముకుని వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పే కాలేజీలు పెట్టుకోవాలి. బర్కిలీ 1868లో అలా పుట్టిందే. తమాషా ఏమిటంటే కార్నెల్ కూడా ఆ చట్టం కింద వచ్చిందే. న్యూయార్క్ రాష్ట్రానికి వచ్చిన భూమి వాటా కార్నెల్‌కి దక్కింది. ఈ రోజుకీ కార్నెల్‌లో వ్యవసాయ కాలేజీ లాంటి కొన్నింటికి రాష్ట్రం డబ్బిస్తుంది, న్యూయార్క్ వాళ్లకి అక్కడ ఫీజు తక్కువ. ఎమ్‌ఐటీ కూడా అదే చట్టం డబ్బు అందుకున్న ప్రైవేటు సంస్థ. ఇక ఐవీ లీగ్ అంటారా, 1954లో ఎనిమిది కాలేజీలు ఆటల పోటీల కోసం పెట్టుకున్న కూటమి అది. స్టాన్‌ఫర్డ్, ఎమ్‌ఐటీ అందులో లేవు. ఇది మీ బావగారికి చెప్పి చూడండి, నమ్మరు.

బర్కిలీకి పేరు ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే, మీ ప్రశ్నలో సగం తేలిపోతుంది. ఆవర్తన పట్టికలో 97వ మూలకం బెర్కీలియం, 98వది కాలిఫోర్నియం. ఒక యూనివర్సిటీ తన ఊరి పేరు, రాష్ట్రం పేరు మూలకాలకు పెట్టుకోగలిగిందంటే ఆ ల్యాబుల్లో ఏ స్థాయి పని జరిగిందో ఊహించుకోండి. అణువుల లోపలి కణాల్ని వేగంగా తిప్పే సైక్లోట్రాన్ యంత్రం కట్టిన ఎర్నెస్ట్ లారెన్స్‌కి 1939లో నోబెల్ వచ్చింది. జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతికి జెన్నిఫర్ డౌడ్నా 2020లో నోబెల్ పంచుకున్నారు. క్యాంపస్‌లో నోబెల్ గ్రహీతలకు ప్రత్యేకంగా కారు పార్కింగ్ స్థలాలున్నాయి, బోర్డు మీద "ఎన్ఎల్" అని రాసి ఉంటుంది. పార్కింగ్ దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు నోబెల్ వచ్చిందే ఇందుకేమో అని జోకులేస్తారు.

మా చిప్ డిజైన్ వాళ్లకైతే బర్కిలీ పుట్టిల్లు లాంటిది. 1980ల్లో రిస్క్ ప్రాసెసర్ల (తక్కువ, సులువైన ఆదేశాలతో పనిచేసే చిప్‌ల) మీద బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, ఇంచుమించు అదే రోజుల్లో బే అవతల స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెనెసీ పనిచేశారు. కంప్యూటర్ సైన్స్‌లో నోబెల్ లాంటి ట్యూరింగ్ అవార్డు 2017కి ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఒకరిది స్టేట్ యూనివర్సిటీ, ఇంకొకరిది ప్రైవేటు, అవార్డులో తేడా ఏం లేదు. ఇప్పుడు ప్రపంచమంతా చిప్‌లలో వాడుతున్న రిస్క్-ఫైవ్ డిజైన్ 2010లో మొదలైంది కూడా బర్కిలీలోనే.

మీ అమ్మాయి సబ్జెక్టు ఎకనామిక్స్ కాబట్టి అదీ చెప్పుకుందాం. డేనియల్ మెక్‌ఫాడెన్‌కి 2000లో, జార్జ్ అకెర్లాఫ్‌కి 2001లో, డేవిడ్ కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చాయి, ముగ్గురూ బర్కిలీ వాళ్లే. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌ని నడిపిన జానెట్ యెలెన్ ఇక్కడే పాఠాలు చెప్పారు. కార్నెల్ ఎకనామిక్స్ మంచి డిపార్ట్‌మెంటే, కానీ పరిశోధనలో ఈ వరుసలో కూర్చోదు.

మన హైదరాబాద్ వాళ్ల సంగతి కూడా ఒకటుంది. అడోబ్‌కి 2007లో సీఈఓ అయిన శంతను నారాయణ్ ఉస్మానియాలో ఇంజనీరింగ్, ఒహాయోలో బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్., తర్వాత బర్కిలీలో ఎంబీఏ చేశారు. మూడూ సర్కారువే. సత్య నాదెళ్ల ఎం.ఎస్. చేసింది విస్కాన్సిన్ యూనివర్సిటీ మిల్వాకీ క్యాంపస్‌లో, ఎంబీఏ మాత్రం షికాగో. ఇలాంటి పేర్లు పట్టుకుని "చూశారా, కాలేజీతో పనిలేదు" అనడం నాకు నచ్చదు. అదే కాలేజీల్లో చదివి మామూలు ఉద్యోగాలు చేసుకుంటున్న నాలాంటి లక్షమంది మాటేమిటి మరి? బావగారితో వాదనలో పనికొస్తాయని చెబుతున్నాను, అంతే.

ర్యాంకింగుల గొడవ మీ ప్రశ్నలో ఉంది కాబట్టి అది కూడా. యూఎస్ న్యూస్ పత్రిక 1983లో మొదటిసారి లిస్టు వేసినప్పుడు చేసిన పని ఒక్కటే: కాలేజీ ప్రెసిడెంట్లని మీ దృష్టిలో ఏవి మంచివని అడిగారు. బర్కిలీకి 5వ స్థానం వచ్చింది, దేశం మొత్తం మీద. తర్వాత 1980ల చివర్లో లెక్క మార్చారు. ఒక్కో స్టూడెంట్ మీద ఎంత ఖర్చు పెడుతున్నారు, క్లాసులో ఎంతమంది, పాత విద్యార్థులు ఎంత చందా ఇస్తున్నారు అనేవి కలిపారు. ఇవన్నీ డబ్బున్న చిన్న కాలేజీలకు కలిసొచ్చే కొలతలు. బర్కిలీ ఒక్కసారిగా జారింది, 1990ల రెండో సగంలో ఇరవైల్లో ఉండిపోయింది. ప్రొఫెసర్లు వాళ్లే, ల్యాబులు అవే, కొలిచే గిన్నె మాత్రం మారింది. 2023లో మళ్లీ లెక్క మార్చి క్లాసు సైజు, చందాలు తీసేస్తే స్టేట్ యూనివర్సిటీలు చాలావరకు పైకి లేచాయి. ఇప్పుడు బర్కిలీ, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ రెండూ మొదటి ఇరవైలో ఉన్నాయి.

ఈ లెక్కలు ఎంత మెత్తటివో కొలంబియా కథ చెబుతుంది. అక్కడి లెక్కల ప్రొఫెసరే ఒకాయన 2022లో తన యూనివర్సిటీ పంపిన అంకెలు తప్పని కూర్చుని లెక్కగట్టి బయటపెట్టాడు. ఆ ఏడాదే కొలంబియా 2వ స్థానం నుంచి 18కి పడింది. పదహారు మెట్లు పడిన ఆ ఏడాదిలో అక్కడ చదువుతున్న పిల్ల నేర్చుకున్నది ఏమైనా తగ్గిందా?

పేరు దాకా అయితే నా సమాధానం సూటిగానే ఉంటుంది: వస్తుంది. కొన్ని చోట్ల ఎక్కువే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఆ పేరు సంపాదించింది పీహెచ్‌డీ చేసేవాళ్లు, వాళ్ల ప్రొఫెసర్లు, వాళ్ల ల్యాబులు. పద్దెనిమిదేళ్ల పిల్ల మొదటి ఏడాదిలో అడుగుపెట్టే బర్కిలీ వేరు. గేటు మీద పేరు ఒక్కటే, లోపల రెండు యూనివర్సిటీలు. బర్కిలీలో బీఏ, బీఎస్ చదివేవాళ్లే 33 వేలమంది దాకా ఉంటారు. స్టాన్‌ఫర్డ్‌లో 8 వేల లోపు. కార్నెల్ ఐవీల్లో పెద్దది, అయినా 16 వేలే. రాష్ట్రం ఇచ్చే డబ్బు కూడా తగ్గిపోయింది. ఒకప్పుడు బర్కిలీ ఖర్చులో సగానికి దగ్గరగా రాష్ట్రం భరించేది, ఇప్పుడు ఐదో వంతు కూడా భరించదు. అందుకే పిల్లలు ఎక్కువ, పట్టించుకునేవాళ్లు తక్కువ.

బర్కిలీలో కంప్యూటర్ సైన్స్ మొదటి కోర్సు 61ఏలో ఒక సెమిస్టర్‌కి వెయ్యిమందికి పైగా చేరడం మామూలే. హాల్లో అంతమంది పట్టరు, చాలామంది రికార్డింగ్ చూసుకుంటారు. చిన్న సెక్షన్లు నడిపేది గ్రాడ్యుయేట్ విద్యార్థులు, ఒక్కోసారి నిరుడు అదే కోర్సు పాసైన జూనియర్ పిల్లలు. వాళ్లలో కొందరు ప్రొఫెసర్లకంటే బాగా చెబుతారు, అది వేరే సంగతి. ప్రైవేటులో మాత్రం పదిమంది గుండ్రంగా కూర్చుని చర్చిస్తారని కలలు కనకండి. హార్వర్డ్‌లో సీఎస్ 50కి వందలమంది కూర్చుంటారు. కార్నెల్‌లో సైకాలజీ మొదటి కోర్సు ఒకప్పుడు బెయిలీ హాల్‌లో వెయ్యిమందికి పైగా పిల్లలతో నడిచేది. తేడా మొదటి ఏడాది పెద్ద క్లాసుల్లో కాదు, ఆ తర్వాత తెలుస్తుంది. కావలసిన కోర్సు దొరుకుతుందా, మనసు మారితే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకోనిస్తారా, పిల్ల పది రోజులు గదిలోంచి బయటికి రాకపోతే ఎవరికైనా తెలుస్తుందా, అక్కడ.

మేజర్ మార్చడం గురించి మనవాళ్లు తప్పుగా అనుకుంటూ ఉంటారు. "ముందు ఏదో ఒకదాంట్లో చేరి, తర్వాత కంప్యూటర్ సైన్స్‌కి మారిపోదాం" అన్నది బర్కిలీలో ఇదివరకటి మాట. అప్పట్లో మూడు కోర్సుల్లో కలిపి 4కి సగటున 3.3 గ్రేడు తెచ్చుకుంటే మారనిచ్చేవారు. 2023లో చేరినవాళ్ల నుంచి ఆ దారి దాదాపు మూసేశారు, చేరేటప్పుడే ఆ సీటు రావాలి. హాస్ బిజినెస్ స్కూల్ కూడా 2024 నుంచి నాలుగేళ్ల కోర్సుగా మారింది, ప్రధానంగా మొదటి ఏడాదే తీసుకుంటారు. మీ అమ్మాయి మనసులో "ఎకనామిక్స్ నుంచి హాస్‌కో, కంప్యూటర్ సైన్స్‌కో వెళ్లిపోవచ్చు" అన్న ఆలోచన ఉంటే ఇప్పుడే కూర్చోబెట్టి మాట్లాడండి. ప్రైవేటు కాలేజీల్లో ఈ విషయంలో పట్టు సడలుగా ఉంటుంది.

మా ఇంటి సంగతి చెబుతాను. పెద్దాడికి మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ క్లాసు నాలుగువందల మందితో. అడ్వైజర్‌తో అపాయింట్‌మెంట్ అడిగితే మూడు వారాల తర్వాత ఇచ్చారు. రెండో ఏడాది తప్పనిసరిగా చేయాల్సిన కోర్సు నిండిపోయింది, వెయిటింగ్ లిస్టులో 60వ నంబరు. ఇంటికి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. మావారు "నేనొచ్చి డీన్‌తో మాట్లాడతా" అని లేచారు, ఇదేదో కాకినాడలో ప్రిన్సిపాల్ గది అన్నట్టు. నేను ఆపాను. వాడే వెళ్లి ప్రొఫెసర్ ఆఫీసు గంటల్లో పొద్దున ఎనిమిదింటికి తలుపు కొట్టాడు. నాలుగువందల మంది క్లాసులో ఆ టైముకి వచ్చింది వాడొక్కడేనట, ఆయన పాపం ఖాళీగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. కోర్సులో చేర్చుకున్నాడు, తర్వాత తన ల్యాబులోకీ తీసుకున్నాడు. అక్కడినుంచి వాడికి తిరుగులేదు.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ వాడి రూమ్మేట్ గురించి చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టు. బంగారంలాంటి పిల్లాడు, మావాడికంటే స్కూల్లో మార్కులు ఎక్కువ. మాట తక్కువ, ఎవరినీ ఏదీ అడగడు. రెండు కోర్సుల్లో దెబ్బతిని, ఇంట్లో చెప్పలేక, మెల్లగా క్లాసులకి వెళ్లడం మానేశాడు. యూనివర్సిటీలో ఒక్కరూ గమనించలేదు. సెమిస్టర్ చివర్లో గ్రేడ్లు వచ్చినప్పుడు గాని వాళ్ల అమ్మకి తెలియలేదు. తర్వాత తేరుకున్నాడు, కానీ ఏడాదిన్నర పోయింది.

మా చిన్నది చదివిన ప్రైవేటు కాలేజీలో అది రెండు క్లాసులకి వెళ్లకపోతే జ్వరమా, ఇంకేమైనా ఇబ్బందా అంటూ ఈమెయిల్ వచ్చింది. ప్రొఫెసర్లు ఇంటికి భోజనానికి పిలిచేవారు. అంతా బాగుంది గానీ, ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు నెలలు దానికి నరకం, ఎవరూ వచ్చి "ఎలా ఉన్నావ్" అని అడగట్లేదని.

కాబట్టి నా దృష్టిలో మీరు కొనబోయేది పేరు కాదు. ఏడాదికి 45 వేల డాలర్లు ఎక్కువ కట్టి కార్నెల్‌లో కొనేది, పిల్లని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు. అది మీ అమ్మాయికి అవసరమా లేదా అన్నది మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, మీ బావగారికి అసలు తెలియదు.

ఉద్యోగాల సంగతికొస్తే ముందు ఇంటర్వ్యూ గదిలో కూర్చున్న నా అనుభవం. రెజ్యూమె మీద కాలేజీ పేరు చూసేది ఇరవై సెకన్లు. బర్కిలీ పేరు చూస్తే పక్కన పెట్టేది ఉండదు, కానీ ఆ రోజు అదే కాలేజీవి ఇంకో ముప్పై ఉంటాయి, అందులో నువ్వెవరు అన్నది ప్రాజెక్టులే చెప్పాలి. చిన్న ప్రైవేటు కాలేజీ రెజ్యూమె అరుదుగా వస్తుంది కాబట్టి కుతూహలంతో ఇంకోసారి చూస్తాం. రెండో ఉద్యోగానికొచ్చేసరికి మొదటి ఉద్యోగంలో ఏం చేశావన్నదే. టెక్నాలజీ కంపెనీలకైతే బర్కిలీ పక్కింటి కాలేజీ, ఈ లెక్కలో కార్నెల్‌కి తీసిపోదు. న్యూయార్క్‌లో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు, కన్సల్టింగ్ కంపెనీలు మాత్రం వేరే. వాళ్లు కొన్ని క్యాంపస్‌లకే మనుషుల్ని పంపుతారు, పాత విద్యార్థుల పరిచయాలతో తీసుకుంటారు. హాస్ పిల్లల్ని బాగానే తీసుకుంటారు గానీ, వాల్ స్ట్రీట్‌కి కార్నెల్ నుంచి దారి దగ్గర. మీ అమ్మాయికి ఆ పిచ్చి నిజంగా ఉంటే అది లెక్కలోకి తీసుకోండి.

దీని మీద పరిశోధన కూడా ఉంది, రెండు ముఖ్యమైనవి చెబుతాను. స్టేసీ డేల్, ప్రిన్స్‌టన్ ఎకనామిస్ట్ అలన్ క్రూగర్ 2002లో ఒకటి ప్రచురించారు. ఈ క్రూగర్ ఎవరో కాదు, పైన చెప్పిన డేవిడ్ కార్డ్‌తో కలిసి కనీస వేతనాల మీద పనిచేసినాయనే. ఒకే స్థాయి కాలేజీలకు అప్లై చేసి, ఒకే స్థాయిలో సీట్లు తెచ్చుకున్న పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూశారు. పెద్ద పేరున్న కాలేజీలో చేరినవాళ్లకి, దాన్ని కాదని మామూలు కాలేజీలో చేరినవాళ్లకి తర్వాత జీతాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇంకా తమాషా ఏమిటంటే, ఎక్కడ చేరారన్నదానికంటే ఎంత పెద్ద కాలేజీకి అప్లై చేశారన్నదే జీతాన్ని బాగా చెప్పింది, అక్కడ సీటు రాకపోయినా సరే. అంటే ఆ ఆశ, ఆ పట్టుదల పిల్లలోనే ఉంది. ఇందులోనూ, తర్వాత వాళ్లే చేసిన ఇంకో పరిశోధనలోనూ చూస్తే, పేద కుటుంబాలు, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని ఇళ్లు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు, వీళ్లకి మాత్రం పెద్ద కాలేజీ బాగా ఉపయోగపడింది. పరిచయాలు ఇంట్లో లేనివాళ్లకి కాలేజీ ఇస్తుంది మరి.

రెండోది 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ చేసింది. ఎనిమిది ఐవీలు, వాటితో పాటు స్టాన్‌ఫర్డ్, ఎమ్‌ఐటీ, డ్యూక్, షికాగో. వీటి వెయిటింగ్ లిస్టులో ఉండి సీటు వచ్చినవాళ్లని, రానివాళ్లని పోల్చారు. సగటు జీతంలో ఇక్కడా తేడా లేదు. కానీ దేశంలో పై ఒక్క శాతం సంపాదనలోకి వెళ్లే అవకాశం సగం మేర పెరిగింది, పేరుమోసిన కంపెనీల్లో ఉద్యోగం దొరికే అవకాశం మూడింతలైంది. అందులో పోల్చింది ఒక సగటు పెద్ద స్టేట్ యూనివర్సిటీతో అని మర్చిపోకండి. బర్కిలీ ఆ గుంపులో అడుగున ఉండేది కాదు. రెండు పరిశోధనల్నీ కలిపి నేను అర్థం చేసుకున్నది ఇది: మామూలుగా బాగా బతకడానికి తేడా లేదు. కొన్ని గదుల తలుపులు మాత్రం ప్రైవేటు వాళ్లకి ముందుగా తెరుచుకుంటాయి. మీ అమ్మాయికి ఆ గదుల్లోకి వెళ్లాలని ఉందా?

డాక్టరో, లాయరో అవ్వాలనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఒక మాట. ఆ అడ్మిషన్లలో మార్కులు ముఖ్యం, బర్కిలీ సైన్స్ కోర్సుల్లో మార్కులు పిండి మరీ ఇస్తారు. పక్కనే మెడికల్ కాలేజీ ఉంటుందనుకునేవాళ్లకి, ఆ మెడికల్ యూనివర్సిటీ, యూసీఎస్‌ఎఫ్, శాన్‌ఫ్రాన్సిస్కోలో విడిగా ఉన్న సంస్థ.

డబ్బు సంగతి మీరు మొహమాటంగా అడిగారు. మొహమాటం అక్కర్లేదు. నాలుగేళ్లకి తేడా 1,80,000 డాలర్లు, అదీ టాక్స్ కట్టాక మిగిలిన డబ్బు. మీ ఇంటి మీద లోను, 401కె (రిటైర్మెంటు పొదుపు) సంగతి మీరే రాశారు. ఆ డబ్బుతో అమ్మాయి రేపు ఎంబీఏనో, లా చదువో పెద్ద ప్రైవేటులోనే చేయొచ్చు, ఆ స్థాయిలో ఐవీ పేరు ఇంకా బాగా పనిచేస్తుంది. ఇంటి మీద అప్పు తీసుకుని బీఏకి ఐవీ కొనడం నాకు నచ్చదు. మా స్నేహితుల్లో ఒకరు అలా చేసి, అరవై దాటినా ఇంకా ఉద్యోగం చేస్తున్నారు. కూతురు బంగారంలా స్థిరపడింది, ఆయన మాత్రం ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తడు.

ఈ సమాధానం మీ ఒక్కరికే పనికొస్తుంది, ఇది చదివి అందరూ బర్కిలీ అనుకోవద్దు. టెక్సస్ నుంచో, న్యూజెర్సీ నుంచో బర్కిలీకి వచ్చేవాళ్లకి బయట రాష్ట్రం వాళ్ల అదనపు ఫీజు కలిసి ప్రైవేటుకి దగ్గరగా అవుతుంది. ఆ ధర పెట్టి పెద్ద క్లాసులు కొనుక్కోవడం నాకు అర్థం కాదు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండి యూటీ ఆస్టిన్‌లో సీటొచ్చిన పిల్ల దాన్ని వదిలి బర్కిలీకి ఎందుకు రావాలి? ఆదాయం తక్కువున్న కుటుంబాలకి లెక్క ఇంకోలా తిరుగుతుంది. హార్వర్డ్ ఇప్పుడు రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉంటే ట్యూషన్ తీసుకోవట్లేదు, లక్ష లోపైతే హాస్టలు, భోజనం కూడా వాళ్లదే. అలాంటివాళ్లకి ప్రైవేటే చౌక. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు మాత్రం రెండు చోట్లా ముందే రాసి అడగండి. 21 నిండాక వీసా ఎఫ్-1కి (స్టూడెంట్ వీసాకి) మారితే ఫీజు ఏ లెక్కలో పడుతుంది, ఎయిడ్‌లో ఇంటర్నేషనల్ కింద చూస్తారా అని. సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. మనవాళ్లు దీన్ని మూడో ఏడాదిలో గాని గుర్తుచేసుకోరు.

మీ విషయానికి వస్తే, నేనైతే బర్కిలీలో వేస్తాను. మీ అమ్మాయి గురించి మీరు రాసిన రెండు వాక్యాల్లో "డిబేట్ టీమ్‌ని తనే మొదలుపెట్టింది" అని ఉంది. అలాంటి పిల్ల పొద్దున ఎనిమిదింటికి ప్రొఫెసర్ తలుపు కొడుతుంది. ఒక్కటే అనుమానం, ఆ టీమ్ తనే పెట్టిందా, కాలేజీ అప్లికేషన్ కోసం మీరు వెనకుండి పెట్టించారా? బే ఏరియా తల్లిదండ్రులం కాబట్టి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి.

తేల్చుకోవడానికి ఒక పని చేయండి. ఏప్రిల్‌లో బర్కిలీలో కాల్ డే ఉంటుంది, కొత్తగా సీటు వచ్చినవాళ్లకి క్యాంపస్ అంతా తెరిచి పెడతారు. తీసుకెళ్లండి, కానీ మీరు క్యాంపనీలే గడియారం దగ్గర ఎండలో కూర్చోండి.  అమ్మాయిని ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటుకి ఒక్కతే వెళ్లి ఇద్దరు సీనియర్లనీ, వీలైతే ఒక ప్రొఫెసర్‌నీ పలకరించి, కావలసిన కోర్సులు ఏ సెమిస్టర్‌లో దొరికాయో, పరిశోధనలో చేరడానికి ఎవరినడగాలో కనుక్కుని రమ్మనండి. గంట తర్వాత ఫోన్ నంబర్లు, పేర్లు రాసుకుని వచ్చిందనుకోండి, బావగారికి మీరేం చెప్పక్కర్లేదు, తనే చెప్పుకుంటుంది. పది నిమిషాల్లో మీ దగ్గరికి తిరిగొచ్చి "నాన్నా, నువ్వు కూడా రా" అంటే మాత్రం మళ్లీ ఇక్కడ రాయండి. అప్పుడు కార్నెల్ బిల్లు ఎలా తగ్గించాలో చూద్దాం, ఎయిడ్ ఆఫీసుకి అప్పీలు రాయడానికి అప్పటికి ఇంకా టైముంటుంది.